ఒక్క మెతుకు చాలదు
(పూల్ సెలెక్షన్, కొంచెం ప్రాబబిలిటీ)

అన్నం ఉడికిందో లేదో చూడాలంటే ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. మా అమ్మ ఈ సామెత అన్నానికే కాదు, మనుషులకి కూడా వాడుతుంది. ఎవరైనా ఒకసారి మాట తప్పితే చాలు, "ఒక్క మెతుకు చాలదారా?" అంటుంది. నేను కూడా చాలా రోజులు అదే నిజమనుకున్నాను. మొన్న ఫిబ్రవరిలో ఒక పూల్ మ్యాచ్ గెలిచాక మాత్రం డౌట్ మొదలైంది. ఆ డౌటే ఈ వ్యాసం.

ముందే చెప్పేస్తున్నా, నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. తెలుగులో లెక్కలు రాయడం ఇదే మొదటిసారి. ఎక్కడైనా తేడాగా ఉంటే సర్దుకుని చదవండి.

అసలు ఏం జరిగింది

ఘట్‌కేసర్‌లో చదివేవాళ్లకి సాయంత్రం ఐదు దాటితే ఎక్కడికి పోవాలన్నది పెద్ద ప్రశ్న. ఉప్పల్ దాకా పోవాలంటే ఫ్లైఓవర్ స్తంభాల మధ్య ట్రాఫిక్‌లో నారపల్లి, మేడిపల్లి, బోడుప్పల్ అన్నీ దాటాలి. ఫస్ట్ ఇయర్‌లో మా రూమ్మేట్, నేను మెయిన్ రోడ్డు పక్కన ఒక పూల్ పార్లర్ కనిపెట్టాం. రెండు టేబుళ్లు, ఒక ఫ్యాను, గోడకి పాకెట్ దగ్గర చిరిగిపోయిన క్లాత్ ఫోటో ఒకటి, కింద "ఫైన్ 2000" అని రాసి ఉంటుంది. గంటకి డబ్బులు. ఇద్దరం సగం సగం.

మా రూమ్మేట్‌కి లెక్క రాసే అలవాటు. ఎవరు టీ డబ్బులు ఇచ్చారో కూడా రాస్తాడు. పూల్‌కి కూడా ఒక చిన్న నోట్‌బుక్ పెట్టాడు. ప్రతి రాక్ (అంటే బాల్స్ ఒకసారి పేర్చి ఆడే ఒక గేమ్) ఎవరు గెలిచారో గీతలు పెట్టేవాడు. ఏడాదిన్నరలో 400 రాక్‌లు ఆడాం. వాడు 220 గెలిచాడు, నేను 180.

ఫిబ్రవరిలో ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్‌కి మా బ్యాచ్ నుంచి ఒక్కరిని పంపాలన్నారు. ఎనిమిది మంది పేర్లిచ్చాం. నాకౌట్. రేస్ టు 5, అంటే ముందు 5 రాక్‌లు గెలిచినవాడిదే మ్యాచ్. ఫైనల్లో మా ఇద్దరమే మిగిలాం. నేను 5–3తో గెలిచాను.

వాడికి ఆ చోటు ఎందుకు కావాలో నాకు తెలుసు. వాళ్ల నాన్నకి పూల్ అంటే పనిలేనివాళ్లు ఆడే ఆట. ఒక్క పార్టిసిపేషన్ సర్టిఫికెట్ అయినా ఇంట్లో చూపిస్తే ఆ మాట తగ్గుతుందని వాడి ఆశ. ఆ రాత్రి హాస్టల్‌లో వాడు మామూలుగానే ఉన్నాడు, నోట్‌బుక్ తీసి ఆ 8 రాక్‌లు కూడా గీతలు పెట్టాడు. నాకే నిద్ర పట్టలేదు. 400 రాక్‌లు ఒక మాట చెప్తున్నాయి, 8 రాక్‌లు ఇంకో మాట చెప్తున్నాయి. ఏది నిజం?

చేత్తో చేయగలిగిన లెక్క

220ని 400తో భాగిస్తే 55 శాతం. అంటే ఒక్కో రాక్ వాడు గెలిచే అవకాశం 0.55, నేను గెలిచే అవకాశం 0.45 అనుకుందాం. ముందుగా ఒక అనుమానం తీర్చుకోవాలి. ఇద్దరం సమానమే అయ్యుండి, ఈ 220 గాలివాటంగా వచ్చిందేమో? నాణెం 400 సార్లు ఎగరేస్తే బొమ్మ 220 సార్లు లేదా అంతకన్నా ఎక్కువ పడే అవకాశం 100కి 3 కన్నా తక్కువ. కాబట్టి కాకతాళీయం అని కొట్టిపారేయలేం. వాడు నాకన్నా మంచి ప్లేయరే.

ఇప్పుడు చిన్న మ్యాచ్ తీసుకుందాం. రేస్ టు 2. వాడు గెలవడానికి మూడే దారులు.

ఒకటి: గెలుపు, గెలుపు. 0.55 × 0.55 = 0.3025.
రెండు: గెలుపు, ఓటమి, గెలుపు. 0.55 × 0.45 × 0.55 = 0.1361.
మూడు: ఓటమి, గెలుపు, గెలుపు. ఇది కూడా 0.1361.

కూడితే 0.5747. అంటే 57.5 శాతం. ఒక్క రాక్‌లో 55 ఉన్నది రెండు గెలవాల్సిన మ్యాచ్‌లో 57.5 అయింది. మ్యాచ్ పొడవు పెరిగేకొద్దీ మంచి ప్లేయర్‌కి లాభం పెరుగుతుంది, కానీ ఎంత నెమ్మదిగా పెరుగుతుందో చూడండి.

రేస్ టు 5: 62.1 శాతం.
రేస్ టు 9: 66.3 శాతం.
రేస్ టు 51: సుమారు 84 శాతం.

అంటే మా ఫైనల్ మొదలవకముందే, తక్కువ ప్లేయర్‌నైన నాకు 38 శాతం అవకాశం ఉంది. ఎనిమిది మ్యాచ్‌లు ఆడితే మూడు నావే. ఇందులో నేను చూపించిన గొప్పతనం పెద్దగా లేదు, వాడు చేసిన తప్పూ లేదు. నమ్మకం కుదరక పైథాన్‌లో లక్ష మ్యాచ్‌లు ఆడించాను. అదే జవాబు.

ఇక్కడే సామెత గుర్తొచ్చింది. అన్నానికి ఒక్క మెతుకు ఎందుకు సరిపోతుంది? గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద, ఒకేసారి ఉడుకుతాయి కాబట్టి. ఒకటి ఉడికితే పక్కదీ ఉడికినట్టే. పూల్ రాక్‌లు అట్లా కాదు. బ్రేక్ కొట్టగానే బాల్స్ ఎట్లా చెదురుతాయో ఎవరి చేతిలోనూ పూర్తిగా ఉండదు. ఒక రాక్ చూసి పక్క రాక్ చెప్పలేం. మెతుకుకీ మెతుకుకీ తేడా ఎంత ఎక్కువుంటే అన్ని ఎక్కువ మెతుకులు పట్టుకు చూడాలి. స్టాటిస్టిక్స్ సార్ వేరియెన్స్ అని సెమిస్టర్ అంతా చెప్పింది ఇదేనని నాకు అప్పుడు ఎక్కింది.

నాకౌట్ అయితే ఇంకా ఘోరం

ఇప్పుడు పెద్ద టోర్నమెంట్ ఊహించుకోండి. 32 మంది. అందులో ఒకరు మిగతా 31 మందిలో ఎవరి మీదైనా రాక్‌కి 55 శాతం గెలుస్తారు. అంటే అందరికన్నా స్పష్టంగా బెస్ట్. కప్ కొట్టాలంటే వరసగా 5 మ్యాచ్‌లు గెలవాలి. రేస్ టు 5 అయితే 0.621ని అయిదుసార్లు గుణించాలి. వచ్చేది 9 శాతం. రేస్ టు 9 అయినా 13 శాతమే.

అంటే పదింట తొమ్మిదిసార్లు బెస్ట్ ప్లేయర్ కప్ లేకుండానే ఇంటికి పోతారు. 32 మందీ సమానమైతే ఒక్కొక్కరికి వచ్చే 3 శాతం కన్నా ఇది మూడు రెట్లు, నిజమే. కానీ కప్ కొట్టినవాళ్లే బెస్ట్ అనుకుంటే ఎక్కువసార్లు తప్పులో కాలేసినట్టే.

నేషనల్ టీమ్‌కి ఎట్లా తీసుకుంటారు?

మన దేశానికి ఈ టేబుల్ ఆటలు కొత్త కాదు. స్నూకర్ పుట్టిందే ఇక్కడ. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే బ్రిటిష్ ఆఫీసర్ మొదలుపెట్టాడని చెప్తారు. 1958లో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచాడు. 1998 బ్యాంకాక్ నుంచి 2010 గ్వాంగ్‌జౌ దాకా ఆసియా క్రీడల్లో క్యూ స్పోర్ట్స్ ఉండేవి, అందులో పూల్ కూడా ఉండేది. పంకజ్ అద్వానీ 2006లో, 2010లో బిలియర్డ్స్ సింగిల్స్ గోల్డ్ తెచ్చింది అక్కడే. మన హైదరాబాద్ నుంచి కూడా లక్కీ వత్నాని, హిమాంశు జైన్ లాంటివాళ్లు నేషనల్ లెవెల్లో ఆడినవాళ్లే.

ఈ ఆటలన్నిటికీ మన దగ్గర పెద్ద సంస్థ బిలియర్డ్స్ అండ్ స్నూకర్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. ముందు రాష్ట్రాల పోటీలు, ఆ తర్వాత నేషనల్స్. నేషనల్స్‌లో పైన నిలిచినవాళ్లకి ఆసియా, ప్రపంచ పోటీల దారి తెరుచుకుంటుంది. ఎయిట్‌బాల్, నైన్‌బాల్ లాంటి పూల్ ఆటలు కూడా దీని కిందికే వస్తాయి. మామూలుగా పార్లర్లలో మనం ఆడేది ఎయిట్‌బాల్. నైన్‌బాల్‌లో ఎప్పుడూ టేబుల్ మీదున్న అతి చిన్న నంబర్ బాల్‌నే ముందు తాకాలి, రూల్ ప్రకారం 9 పాకెట్‌లో పడితే రాక్ అయిపోయినట్టే. 1 తాకి, అది పోయి 9ని తాకి, 9 పడిపోయినా గెలుపే. అందుకే నైన్‌బాల్‌లో లక్కు పాలు ఇంకా కొంచెం ఎక్కువ.

ప్రొఫెషనల్స్‌లో అందరూ చూసే టీమ్ పోటీ మోస్కోనీ కప్. 1994లో మొదలైంది. యూరప్ ఒకవైపు, అమెరికా ఒకవైపు. ఇప్పుడు ఒక్కో మ్యాచ్ రేస్ టు 5, ముందు 11 మ్యాచ్‌లు గెలిచిన టీమ్‌కి కప్. మ్యాచ్‌లు ఇంత చిన్నవి కాబట్టే చూడ్డానికి మజా, ఎవరైనా ఎవరినైనా ఓడించొచ్చు. కానీ గమనించండి, టీమ్‌లోకి తీసుకునేటప్పుడు మాత్రం ఒక్క రేస్ టు 5 చూసి తీసుకోరు. ఏడాది పొడుగునా వచ్చిన ర్యాంకింగ్ పాయింట్లు చూస్తారు, కొన్ని చోట్లు కెప్టెన్ ఎంపికకి వదిలేస్తారు. ఆటకి చిన్న మ్యాచ్, ఎంపికకి పెద్ద లెక్క. ఈ రెండూ వేరే పనులని వాళ్లకి తెలుసు.

చెస్ వాళ్లు ఇంకా ముందున్నారు. అర్పాద్ ఎలో తయారుచేసిన రేటింగ్ పద్ధతిని ప్రపంచ చెస్ సంఘం 1970లోనే తీసుకుంది. మన కాలేజీ ముందున్న ఈ రోడ్డే పట్టుకుని పోతే వరంగల్ వస్తుంది కదా, అక్కడి అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ లిస్టులో 2800 దాటాడు. ఆ నంబర్ ఒక్క టోర్నమెంట్‌తో వచ్చింది కాదు. ప్రతి గేమ్ తర్వాత కొంచెం పైకో, కొంచెం కిందికో జరుగుతూ ఏళ్ల తరబడి పోగైంది. 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో గోల్డ్ కొట్టిన ఇండియా టీమ్‌లో అర్జున్, హరికృష్ణ ఇద్దరూ ఉన్నారు. ఒక చెడ్డ రోజు వాళ్లని టీమ్‌లోంచి తీసేయలేదు, ఎందుకంటే వెనక వందల గేమ్‌ల సాక్ష్యం ఉంది.

పూల్‌కి కూడా ఇలాంటిది ఫార్గో రేటింగ్ అని ఉంది. ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే, పైవాడు ఒక రాక్ ఓడేలోపు రెండు గెలుస్తాడని అర్థం. ఆ లెక్కన మా రూమ్మేట్‌కీ నాకూ తేడా 29 పాయింట్లు. పెద్దగా ఏం లేదు. అయితే టీమ్ సెలెక్షన్‌లో చివరి చోటు కోసం కొట్లాడేవాళ్ల మధ్య తేడా మామూలుగా ఇలాగే చిన్నగా ఉంటుంది. పెద్ద తేడా ఉంటే అసలు కొట్లాటే ఉండదు.

బ్రేక్ గొడవ

మా ఫైనల్లో గెలిచినవాడే మళ్లీ బ్రేక్ చేయాలన్నది రూల్. టాస్ నేను గెలిచాను. మొత్తం 8 రాక్‌లలో 5 సార్లు నేనే బ్రేక్ చేశాను, వాడికి 3 వచ్చాయి. చూసినవాళ్లంతా "మామా, అన్ని బ్రేకులూ నీకే వచ్చినయ్, అందుకే గెలిచినవ్" అన్నారు. ఒకరి తర్వాత ఒకరు బ్రేక్ చేసుంటే న్యాయంగా ఉండేదని వాళ్ల వాదన. నాక్కూడా అదే అనిపించింది. లెక్క చేస్తే మాత్రం షాక్. రెండు పద్ధతుల్లోనూ గెలిచే అవకాశం సరిగ్గా ఒకటే!

ఎట్లా? రేస్ టు 5ని ఇంకో రకంగా చూడండి. మ్యాచ్ అయిపోయినా ఆపకుండా మొత్తం 9 రాక్‌లు ఆడామనుకోండి. 5 గెలిచినవాడే మ్యాచ్ గెలిచినట్టు. మ్యాచ్ తేలిపోయాక ఆడే రాక్‌లు ఫలితాన్ని మార్చవు, ఎందుకంటే 9లో ఇద్దరికీ 5 రావు.

ఒకరి తర్వాత ఒకరు అయితే, టాస్ గెలిచినవాడు 1, 3, 5, 7, 9 రాక్‌లు బ్రేక్ చేస్తాడు. తనకి 5, ఎదుటివాడికి 4.

గెలిచినవాడికే బ్రేక్ అయితే, మ్యాచ్ తేలేలోపు టాస్ గెలిచినవాడికి 5 కన్నా ఎక్కువ బ్రేకులు రావు (మొదటిది ఒకటి, తర్వాత గెలిచిన ఒక్కోదానికి ఒకటి). ఎదుటివాడికి 4 కన్నా ఎక్కువ రావు. మిగిలిన ఉత్తుత్తి రాక్‌లలో ఎవరి కోటా తగ్గిందో వాళ్ల చేత బ్రేక్ చేయిస్తే, మళ్లీ 5, 4 అవుతాయి. మా మ్యాచ్‌లో 5, 3 అయ్యాయి కదా, తొమ్మిదో రాక్ వాడి చేత బ్రేక్ చేయిస్తే 5, 4.

అంటే రెండు పద్ధతులూ ఒకటే ప్రశ్న అడుగుతున్నాయి. నేను బ్రేక్ చేసే 5, వాడు బ్రేక్ చేసే 4, మొత్తం 9లో ఎవరు 5 గెలుస్తారు? వరస మారింది, ప్రశ్న మారలేదు. టాస్ గెలిచినవాడికి కొంచెం లాభం ఉంటుంది, అది రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది. కాబట్టి బ్రేక్ వల్ల అన్యాయం జరిగిందన్న మాట నిలబడదు. అన్యాయం అంటూ ఉంటే అది మ్యాచ్ పొట్టిగా ఉండడంలోనే ఉంది.

మా సీనియర్ అన్న ఏమన్నాడంటే

ఈ లెక్కంతా తీసుకెళ్లి సెలెక్షన్ పెట్టిన సీనియర్ అన్నకి చూపించాను. అన్న ఓపిగ్గా విని ఒక ప్రశ్న వేశాడు. "ఆ 400 రాక్‌లు టీ తాగుకుంటా, నవ్వుకుంటా ఆడినవి. సెలెక్షన్ నాడు చెయ్యి వణికితే టోర్నమెంట్‌లో ఏం ఆడతడు? ప్రెషర్ కూడా స్కిల్లే కదరా?"

మంచి ప్రశ్న. నా లెక్కలో ప్రతి రాక్‌కీ 0.55 అనే పెట్టాను. నిజంగా మనిషి అట్లా ఉండడు. వెనకబడితే భయం వేస్తుంది, ముందుంటే చెయ్యి ఆడుతుంది. కాబట్టి అన్న చెప్పినదాంట్లో సగం ఒప్పుకున్నాను. మిగతా సగం ఇది. ప్రెషర్‌లో ఎవరు బాగా ఆడతారో తెలియాలన్నా, ప్రెషర్ ఉన్న మ్యాచ్‌లు చాలా చూడాలి. ఒక్క ఫైనల్ చూసి "వీడు ప్రెషర్ తట్టుకుంటాడు" అనడం కూడా ఒక్క మెతుకు పట్టుకోవడమే. ఓడినవాడికి ప్రెషర్ వచ్చిందంటాం, గెలిచినవాడికి గుండె ధైర్యం ఉందంటాం. రెండూ ఫలితం తెలిశాక చెప్పే కథలు.

అన్న నవ్వి, "అయితే నువ్వే చెప్పు, ఏం చేద్దాం?" అన్నాడు.

ఎనిమిది మందితో లీగ్ పెడదామన్నాను. ప్రతి ఇద్దరూ ఒకరితో ఒకరు 6 రాక్‌లు. జంటలు 28 కాబట్టి మొత్తం 168 రాక్‌లు. ఒక్కొక్కరు 42 రాక్‌లు ఆడతారు. రాక్‌కి 10 నిమిషాలు వేసుకుంటే 28 గంటలు. రోజుకి 2 గంటలు ఆడితే 14 సాయంత్రాలు. నాకౌట్ అయితే ఎక్కువలో ఎక్కువ 63 రాక్‌లు, పదిన్నర గంటల్లో అయిపోతుంది. అంటే న్యాయానికి దాదాపు మూడు రెట్లు టేబుల్ అద్దె. అప్పుడు అర్థమైంది, పెద్ద పెద్ద సంస్థలు కూడా చిన్న మ్యాచ్‌లతో ఎందుకు సరిపెట్టుకుంటాయో. హాలు, టేబుళ్లు, ఆటగాళ్ల ప్రయాణం, లీవులు, అన్నిటికీ డబ్బే. 42 రాక్‌లు కూడా 55, 45 తేడాని గట్టిగా చెప్పలేవు. ఆ తేడా నమ్మకంగా తేలాలంటే ఇద్దరి మధ్యే 270 దాకా రాక్‌లు కావాలి. కానీ 8 కన్నా 42 మేలు.

చివరికి

ఒక రాత్రి ధైర్యం చేసి మా రూమ్మేట్‌తో అన్నాను, "మామా, నా బదులు నువ్వు పో. లెక్క ప్రకారం నువ్వే బెటర్."

వాడికి కోపం వచ్చింది. ఏడాదిన్నరలో అదే మొదటిసారి. "రూల్ ముందే చెప్పిన్రు. ఇద్దరం ఒప్పుకున్నం. నువ్వు గెలిచినవ్. ఇప్పుడు లెక్క చూపించి నాకు దానం చేస్తవా? ఆ సర్టిఫికెట్ తీసుకపోయి మా నాన్నకి ఏమని చెప్పాలె?"

నా దగ్గర జవాబు లేదు. సెలెక్షన్‌లో రెండు విషయాలున్నాయని నాకు వాడి వల్లే తెలిసింది. ఒకటి, బెస్ట్ ప్లేయర్ దొరకాలి. రెండు, రూల్ ముందే చెప్పి, అందరికీ ఒకేలా ఉండి, ఫలితం వచ్చాక మార్చకుండా ఉండాలి. నేను మొదటిదాని లెక్క మాత్రమే చేశాను. మొదటిది సరిగ్గా లేకపోతే వచ్చేసారి రూల్ మార్చాలి. అంతేగానీ అయిపోయిన మ్యాచ్‌ని కాదు.

టోర్నమెంట్‌కి నేనే వెళ్లాను. మొదటి రౌండ్‌లోనే 5–2తో ఓడిపోయాను. వాడు వచ్చి వెనక కూర్చుని చూశాడు, తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా సేఫ్టీ షాట్లు ఎంత దరిద్రంగా ఉన్నాయో ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా చెప్తూనే ఉన్నాడు.

వచ్చే ఏడాది సెలెక్షన్ లీగ్ పద్ధతిలో పెట్టడానికి అన్న ఒప్పుకున్నాడు. సెకండ్ ఇయర్, థర్డ్ ఇయర్ వాళ్లు ఎవరైనా ఆడాలనుకుంటే జూలైలోపు పేరివ్వండి. టేబుల్ అద్దె అందరం పంచుకోవాలి. స్కోర్లు రాసే పని మాత్రం మా రూమ్మేట్‌ది. నోట్‌బుక్ కొత్తది కొన్నాడు.